ముసురు చివరి వాక్యం

గోగుకోతకు 43 రోజులు

ఇవాళ ఏడు కాపీలు తిరిగొచ్చాయి. ఏడింటిలోనూ తిట్లే.

ప్రూఫు గది దినచర్య పుస్తకంలో జరిగిన పని మాత్రమే రాయాలని నియమం. సరే, రాస్తాను. కిటికీ మీద ఎర్రదుమ్ము తుడిచాను. గాలి గొట్టానికి వడపోత గుడ్డ మార్చాను. జిగురు కాచాను. తిరిగొచ్చిన కాపీల్లో పాఠకులు రాసినవి చదివాను. చదివాక ఆ జిగురు గిన్నె తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. గోడ తుడవాల్సింది కూడా నేనే.

అన్ని తిట్లూ మందాకినక్క పుస్తకానికే. పొద్దంతా పంపుగదిలో మరమ్మతు పని చేసి, మిగిలిన వేళల్లో ఆవిడ ‘వానలోకం’ అని మూడు భాగాల నవల మొదలుపెట్టింది. ఆకాశంలోంచి నీళ్ళు ఊరికే, ఎవరి అనుమతీ లేకుండా కింద పడే లోకం. ఈ ఎర్రదుమ్ము నేల మీద గాలి నింపి కట్టిన పన్నెండు గుమ్మటాల్లో పుట్టినవాళ్ళం ఎవరమూ వాన చూడలేదు కాబట్టి మొదటి భాగం ‘మబ్బు’ని జనం ఎగబడి చదివారు. రెండో భాగం ‘ముసురు’ పోయిన నెల వచ్చింది. మూడోది ‘తెరిపి’ రావాలి.

రావాలంటే కాగితం కావాలి. మన కాగితం గోగునారతో తయారవుతుంది. ఆకు పులుసులోకి పోతుంది, కాడ నార తీయడానికి వస్తుంది. కోతరోజున ఆ నార దేనికివ్వాలో పుస్తక సంఘం తేలుస్తుంది. ప్రతి పుస్తకం వెనకా నాలుగు ఖాళీ పేజీలుంటాయి. చదివినవాళ్ళు పేరు రాసి, అభిప్రాయం రాసి, తర్వాతి భాగం ‘కావాలి’ అనో ‘వద్దు’ అనో ముగిస్తారు. సగానికి మించి ‘కావాలి’ అంటే కాగితం వస్తుంది. లేదంటే నార విత్తనాల సంచులకు పోతుంది, పుస్తకం అక్కడితో ఆగిపోతుంది.

రెండో గుమ్మటం, పిండిమర ఎర్రినాయుడు రాసింది: “మూడొందల పేజీలు కూర్చుని మాట్లాడుకున్నారు. బయట పదకొండు రోజులు నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఆ నీళ్ళు కట్టేసే మనిషే లేడా ఆ ఊళ్ళో? వద్దు.”

ఎనిమిదో గుమ్మటం రత్నాలు: “మొదటి భాగంలో పడవ కడుతున్నారు కదా. ఆ పడవ ఏమైంది? రచయిత్రి మరిచిపోయిందా, మనం మరిచిపోతాం అనుకుందా? వద్దు.”

మన ఐదో గుమ్మటంలో వడపోత గుడ్డలు ఉతికే బంగారమ్మ కోపం కథానాయిక మీద: “చుక్కమ్మ ఇంత పని చేస్తుందనుకోలేదు. మెరకవాళ్ళ అరుగు మీద కూర్చుని, వాళ్ళ వేడి గంజి తాగి, వాళ్ళ మనిషైపోయింది. మునిగి చచ్చిపోయినా ఏడ్చి ఊరుకునేదాన్ని. వద్దు. వద్దు. వద్దు.”

మధ్య భాగం అంటే ఏమిటో తెలియని జనం! మొదటి భాగంలో అన్నీ మొదలవుతాయి, ఆఖరి భాగంలో అన్నీ తేలతాయి. మధ్యలో ఉన్నది మోయాలి. మోసేవాణ్ణి పట్టుకుని గెంతలేదేమని అడిగితే ఏం చెప్పను?

గోగుకోతకు 38 రోజులు

ఇంకో పంతొమ్మిది కాపీలు. ఎక్కువమంది కోపం ఒక్కచోటే, చివరి వాక్యం దగ్గర.

కథ ఇది. పల్లంలో ఒక ఊరు, మెరక మీద ఒక ఊరు, మధ్యలో చెరువు, దాని నీళ్ళు వదిలే లాకు. ముసురు పట్టి చెరువు నిండింది. లాకు తెరిస్తే మెరకవాళ్ళ గాదెలు బతుకుతాయి, పల్లం మునుగుతుంది. పల్లం తరఫున మాట్లాడడానికి చుక్కమ్మ పైకి వెళ్తుంది. పుస్తకమంతా ఆ మాటలే. ఆఖరికి మెరక పెద్ద, “రేపు లాకు తెరుస్తున్నాం” అంటాడు. చుక్కమ్మ లేచి, తడిసిన కొంగు పిండి, “లాకు సంగతి మనం చూసుకుంటాం” అంటుంది. పుస్తకం అయిపోయింది.

“ఎవరితో కలిసి చూసుకుంటావే?” అని ఒకాయన ఆ పేజీలోనే పెన్సిలుతో రాసేశాడు. ఖాళీ పేజీలు ఇచ్చింది ఎందుకు? కథ మీద గీయడానికా? రబ్బరుతో చెరిపేసరికి నా వేలు కందిపోయింది.

మధ్యాహ్నం అధికారులుండే ఒకటో గుమ్మటం నుంచి ప్రకటన వచ్చింది, దిద్ది అచ్చుకి పంపమని. “ఈ చలికాలం మనం వేడి తగ్గించుకుందాం. మనందరి మేలు కోసం మనమే ముందుకొద్దాం.” కింద తగ్గించే గుమ్మటాల జాబితా ఉంది. అయిదు, ఎనిమిది, పదకొండు. జాబితాలో ఒకటో గుమ్మటం లేదు. దీర్ఘం పోయిన చోట దీర్ఘం పెట్టాను, ఒక వత్తు సరిచేశాను, పంపేశాను. నా పని అంతవరకే.

మన గుమ్మటాల్లో ‘మనం’ తప్ప మరో మాట లేదు. మొదటి ఏళ్ళలో నీళ్ళ గొట్టాల దగ్గర ‘మేము, మీరు’ అని మొదలైన తగాదాలో నలభై ఒక్కమంది పోయారు. ఆ తర్వాత పెద్దలు కూర్చుని, ఎదుటివాణ్ణి బయట నిలబెట్టే ‘మేము’ అనే మాటని, దానితోపాటు ‘మా’ని తీసేశారు. బడిలో నేర్పరు. ఎవరైనా పొరపాటున రాస్తే ప్రూఫు గదిలో నేను ‘మనం’ అని దిద్దుతాను. ఇరవయ్యారేళ్ళుగా దిద్దుతున్నాను. పెళ్ళైన కొత్తలో సన్యాసమ్మని పై అధికారికి “మనావిడండీ” అని పరిచయం చేస్తే ఆయన తాగుతున్న నీళ్ళు పొలమారాయి. అది తలుచుకుని ఆవిడ ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తుంది.

గోగుకోతకు 35 రోజులు

ఒకటో గుమ్మటం కాపీలు వచ్చాయి. వాళ్ళకి పుస్తకం తెగ నచ్చేసింది!

“చుక్కమ్మకి ఎట్టకేలకు బుద్ధి వచ్చింది. ఆదర్శవంతమైన ముగింపు. కావాలి.” “ఆఖరి వాక్యం చదివి కళ్ళు చెమర్చాయి. అందరం ఇలా ఉంటే ఎంత బాగుండును! కావాలి.”

సంతోషించాలి కదా. సంతోషం రాలేదు సరికదా, ఒళ్ళు మండింది. తిట్టినవాళ్ళ మీదకన్నా మెచ్చినవాళ్ళ మీద ఎక్కువ కోపం రావడం నాకిదే మొదటిసారి.

గోగుకోతకు 31 రోజులు

పంపుగదికి వెళ్ళాను. మందాకినక్క గొట్టం కింద పడుకుని మర బిగిస్తోంది. అరవై రెండేళ్ళ మనిషి. మూడు నెలలు దూరాన మంచు తవ్వి నీళ్ళు తీసే మంచుబావి దగ్గర డ్యూటీ చేసి, పుస్తకం అచ్చయ్యాకే తిరిగొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పాఠకుల తిట్లకి నొచ్చుకుందనుకున్నాను.

“ఏటి జోగయ్యా, ఇలాగొచ్చావు?” అంది బయటికి రాకుండానే.

“మూడోది ఎంతవరకూ వచ్చిందక్కా?”

“రాయట్లేదు.”

“అదేమిటి?”

“ఏటుందని రాయాల? చుక్కమ్మ ఆళ్ళ మనిషైపోనాది కదా. ఇంక రాయడానికి ఏటి మిగిలింది?”

నాకు తిక్కరేగింది. “నువ్వు కూడా వాళ్ళలాగే మాట్లాడితే ఎలా? రాసింది నువ్వే కదా!” అని అరిచాను.

ఆవిడ అప్పుడు బయటికొచ్చింది. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నా మొహంలోకి చూసింది. “ఆ ఆఖరి మాట నాది కాదులే తమ్ముడూ” అంది. అని మళ్ళీ గొట్టం కిందికి వెళ్ళిపోయింది.

రాసేవాళ్ళకి ఇదో జబ్బు. అంతా పాత్రలే మాట్లాడాయి, నాదేముంది అంటారు. విసుక్కుంటూ వచ్చేశాను.

గోగుకోతకు 24 రోజులు

చలి మొదలైంది. ఇంట్లో సన్యాసమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని వంట చేస్తోంది. “మనం వేడి తగ్గించుకున్నాం కదా, ఆ మనంలో ఒకటో గుమ్మటంవోళ్ళున్నారేటి?” అని అడిగింది. తెలీదన్నాను. తెలుసు.

పాఠకులకి గట్టిగా జవాబు రాయాలని నిశ్చయించుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాయలేదు. ఈసారి ఊరుకోను. చుక్కమ్మ ఎందుకలా అన్నదో ఒక్కొక్క పేజీ చూపించి వాళ్ళ నోరు మూయిస్తాను. అక్క రాసిన మాటల్లో ఒక్కటీ తప్పు పడకూడదని రేకుపెట్టెలోంచి ఆవిడ రాతప్రతి తీశాను. నేను రాతప్రతి మీదే ఎర్రకలంతో దిద్ది అచ్చుకి పంపుతాను. ఈసారి అక్క మంచుబావి దగ్గరుండటంతో ఆవిడకి చూపించడం కుదరలేదు.

మూడువందల పన్నెండో పేజీ.

“లాకు సంగతి మేము చూసుకుంటాం.”

‘మేము’ మీద ఎర్రగీత ఉంది. పైన ‘మనం’ అని నా చేతిరాతలో ఉంది.

ఆ గీత ఎప్పుడు కొట్టానో గుర్తు లేదు. చదివి కొట్టలేదు. మాట కనబడింది, చెయ్యి కదిలింది. అంతే. తర్వాత రాతప్రతి మొత్తం తిరగేశాను. పుస్తకమంతటా చుక్కమ్మ ‘మనం’ అనే అంటుంది. మనం మాట్లాడుకుందాం, మనం ఒకటే కదా, మన గాదెలే కదా అని మూడువందల పేజీలు బతిమాలుతుంది. ‘మేము’ ఉన్నది ఒక్కచోటే, ఆఖరి వాక్యంలో. మెరకవాళ్ళని మొట్టమొదటిసారి బయట నిలబెట్టింది. లాకు స్వాధీనం చేసుకుంటాం, మీ దిక్కున్నచోట చెప్పుకోండి అంది. నేను దాన్ని దణ్ణం పెట్టించి కూర్చోబెట్టాను.

తిట్టినవాళ్ళందరిదీ రైటు. బంగారమ్మది మరీ రైటు. ఇరవై రోజులుగా నేను ఎవరిమీద కోప్పడుతున్నానో వాళ్ళందరూ సరిగ్గానే చదివారు. తప్పుచదివింది నేనొక్కణ్ణే, అదీ చదవకుండా.

గోగుకోతకు 23 రోజులు

రాతప్రతి పట్టుకుని పంపుగదికి వెళ్ళాను. పేజీ చూపించాను.

“ఇప్పుడు సూశావా?” అంది అక్క.

“నాకెందుకు చెప్పలేదక్కా? వచ్చిన రోజే చెంప పగలగొట్టాల్సింది కదా!”

“నువ్వు బయపడి దిద్దీసేవనుకున్నాను. పైవోళ్ళు ఏటంతారోనని. ఇన్నేళ్ళ తమ్ముడివి, బయపడ్డావా అని మొకం మీద ఎలాగ అడగను?”

“భయపడలేదక్కా. చూడలేదు.”

ఆవిడ నవ్వింది. మంచి నవ్వు కాదు. “బయపడ్డావంటేనే కొంచెం బాగుండేది. బయపడినోడు సదివినట్టు లెక్క.”

ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను. నియమాలకు విరుద్ధమే. ఉండనీ.

గోగుకోతకు 17 రోజులు

పుస్తక సంఘం సమావేశం. అధ్యక్షులు వరాహమూర్తిగారు ఒకటో గుమ్మటం నుంచి వచ్చారు. నా దగ్గరున్న వివరం చదివాను. మొత్తం తొమ్మిదివందల పన్నెండు అభిప్రాయాలు. కావాలన్నవి రెండువందల ముప్ఫై. అందులో సగానికి పైగా ఒకటో గుమ్మటానివే.

వరాహమూర్తిగారు చెయ్యి ఊపారు. “జోగారావుగారూ, ఆ అభిప్రాయాలు అటుంచండి. జనం తొందరపడతారు. ఈ చివరి వాక్యం బడిలో పాఠంగా పెట్టాలని మన ఉద్దేశం. ఈ చలికాలానికి సరిగ్గా సరిపోయే మాట. మూడో భాగానికి మన ప్రత్యేక అధికారంతో కాగితం ఇచ్చేద్దాం.”

కాగితం వచ్చేసింది. నోరు మూసుకుని కూర్చుంటే ‘తెరిపి’ అచ్చవుతుంది. అక్క కూడా గది చివర నిలబడి ఉంది. ఒక్క క్షణం కూర్చోబోయాను కూడా. కానీ ఆ కాగితం మీద ఏం రాస్తుంది? వాళ్ళ మనిషైపోయిన చుక్కమ్మ కథా?

లేచాను. “అయ్యా, ఆ వాక్యం రచయిత్రిది కాదు” అన్నాను. రాతప్రతి తీసి గట్టిగా చదివాను. “లాకు సంగతి మేము చూసుకుంటాం.”

ఆ మాట ఆ గదిలో ఎవరూ గట్టిగా విని ఉండరు. సంఘం సభ్యురాలు ఒకావిడ ఎవరైనా వింటున్నారేమోనని తలుపు వైపు చూసింది. వరాహమూర్తిగారి మొహంలో చిరునవ్వు మాత్రం చెరగలేదు.

“నియమం ప్రకారమే దిద్దారు కదా. పోనీ, మనవల్ల చిన్న పొరపాటు జరిగిందని రాసుకుందాం.”

“మనవల్ల కాదండీ. నావల్ల.”

“అలా విడదీసి మాట్లాడకండి జోగారావుగారూ.”

“విడదీయకుండా కలిపేసినందుకేనండీ ఇంత జరిగింది! దాదాపు ఏడువందలమంది చేత ఆవిడ తిట్లు తింది. తినాల్సింది నేను. దాన్ని కూడా మనం అని పంచేస్తే ఎలా?” గొంతు లేచిపోయింది. “చలికాలం ప్రకటన కూడా నేనే దిద్దాను. అందులో మనం అంటే ఎవరో అప్పుడే అడగాల్సింది. దీర్ఘాలు చూసుకుంటూ కూర్చున్నాను.”

చిరునవ్వు పోయింది. కాగితం ఇస్తానన్న మాట వెనక్కి తీసుకున్నారు, అభిప్రాయాల ప్రకారమే జరగాలన్నారు. తప్పొప్పుల పట్టిక అచ్చువేయడానికి వీల్లేదన్నారు. కోతరోజు సాయంత్రానికి నేను ఎర్రకలం, గది తాళం అప్పగించాలన్నారు.

“అలాగేనండీ. కానీ అచ్చులో దిద్దుబాటుదారు వల్ల దొర్లిన తప్పుని అతనే ప్రతి కాపీలోనూ స్వయంగా చేత్తో సరిచేయాలని నియమాల పుస్తకం నాలుగో పేజీలో ఉంది. కోతరోజు దాకా నేనే దిద్దుబాటుదారుని” అన్నాను.

ఆయన నాలుగో పేజీ తీయించి చూశారు. ఉంది. ఆ పుస్తకం ప్రూఫులు దిద్దింది కూడా నేనే.

గోగుకోతకు 11 రోజులు

నూట అరవై కాపీలు దిద్దాను, తిరిగొచ్చినవాటిని కూడా చదివినవాళ్ళ దగ్గరికే మోసుకెళ్ళి. సొరంగాల్లో నడిచి నడిచి మోకాళ్ళు పట్టేశాయి. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే పని. ఆఖరి పేజీ తీయడం, ‘మనం’ కొట్టేయడం, పైన ‘మేము’ రాయడం, “తప్పు నాది, రచయిత్రిది కాదు” అని పక్కన సంతకం పెట్టడం. కోతరోజు దాకా పాఠకులు అభిప్రాయం మార్చుకోవచ్చు. మార్చుకోమని నేను ఎవర్నీ అడగలేదు. ఆ హక్కు నాకు లేదు.

రెండో గుమ్మటం పిండిమరలో ఎర్రినాయుడు నా భుజం మీంచి తొంగిచూశాడు. చదివాడు. మర ఆపి పిండిబస్తా మీద కూర్చున్నాడు.

“ఓరి నాయనా! ఇదేటి, ఆ మూడొందల పేజీలూ దీనికోసమా?”

“అవును.”

“మరి తిన్నగా అచ్చేయడానికి నీకేటి రోగం?” అని నానా తిట్లూ తిట్టాడు. మొదటిసారి సరైన మనిషిని తిట్టాడు కాబట్టి వింటూ నిలబడ్డాను. తిట్టడం అయ్యాక పుస్తకం నా చేతిలోంచి లాక్కున్నాడు. “ఉండు, మల్లీ మొదట్నించి సదవాల” అన్నాడు.

బంగారమ్మ మాత్రం తలుపు తీయలేదు. “ఆ పుస్తకం నా కంట పడనీకు. పో” అని లోపల్నించే కేకేసింది. దిద్దిన కాపీ గుమ్మంలో పెట్టి వచ్చాను.

గోగుకోతకు 3 రోజులు

కాపీలు తిరిగొస్తున్నాయి. కొందరు మార్చారు. కొందరు మార్చలేదు. రత్నాలు “సరే, చుక్కమ్మ సంగతి ఒప్పుకుంటాను. పడవ ఏమైందో చెప్పేదాకా ఒప్పుకోను” అని రాసి, కింద మాత్రం ‘కావాలి’ అని పెట్టింది. ఒకటో గుమ్మటంవాళ్ళు కళ్ళు చెమర్చిన చోటే ‘వద్దు’ అని మార్చుకున్నారు. ఇంకా నాలుగు తక్కువ.

గోగుకోత

పొద్దున్నుంచీ తోటలో కొడవళ్ళ చప్పుడు. సన్యాసమ్మ అక్కడే ఉంది. పది గంటలకి ఆఖరి కాపీ వచ్చింది. బంగారమ్మది.

వెనక పేజీ తీశాను. మూడు ‘వద్దు’ల మీదా మూడు గీతలు, కాగితం చిరిగేంత గట్టిగా ఉన్నాయి. కింద రాసి ఉంది: “కావాలి. తొందరగా రాయమనండి. ఈ చలిలో మేము ఎదురుచూస్తున్నాం.” దాని కింద వడపోత గది ఆడవాళ్ళవి పదకొండు సంతకాలు, ప్రతి పేరు పక్కనా ‘కావాలి’.

కాబట్టి కాగితం వస్తుంది. మందాకినక్కకి కబురు పంపాను. ‘తెరిపి’ మొదటి పేజీ అప్పటికే రాసేసిందట.

ఈ పుస్తకంలో ఇదే నా ఆఖరి పేజీ. సాయంత్రం కలం, తాళం ఇచ్చేయాలి. రేపు నా కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలీదు. కిటికీ తుడిచాను, జిగురు గిన్నె కడిగాను.

బంగారమ్మ రాసిన వాక్యం మళ్ళీ చదివాను. ఇరవయ్యారేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే ఎర్రకలం మీదికి వెళ్ళింది. మూత తీయలేదు.